బాల్కనీలో ఏసీ వెనక గూడు: కందిరీగలా, తేనెటీగలా? తీయాలా, వదిలేయాలా?

బాల్కనీ తోట

అందరికీ నమస్కారం. మా బాల్కనీలో ఏసీ ఔట్‌డోర్ యూనిట్ ఉంది. నిన్న ఆరేసిన బట్టలు తీస్తుంటే చెవి పక్కనుంచి ఏదో ఝుమ్మని పోయింది. వంగి చూస్తే యూనిట్‌కీ గోడకీ మధ్య సందులో గూడు. మా పాపకి నాలుగేళ్లు, రోజంతా అక్కడే ఆడుకుంటుంది. చూసినప్పటి నుంచి ఆ తలుపు తీయలేదు. మా ఆయన చీపురుతో కొట్టేద్దాం అంటున్నారు, అత్తయ్య పొగ పెట్టమంటున్నారు. అసలవి తేనెటీగలో కందిరీగలో కూడా నాకు తెలియట్లేదు. దగ్గరికెళ్లి ఫొటో తీసే ధైర్యం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

తేనెపెట్టె

ముందు ఆ చీపురు లోపల పెట్టించండమ్మా. పొగ కూడా వద్దు. అదేమిటో తెలుసుకోకుండా చెయ్యి పెట్టకూడదు. మట్టి గూడైతే భయపడాల్సిన పనే లేదు. తేనెపట్టైతే చంపాల్సిన పని లేదు. కందిరీగలైతే చీపురంత చెడ్డ ఉపాయం ఇంకోటి లేదు.

తలుపు అద్దంలోంచే ఫోన్ జూమ్ చేసి చూడండి. గూడు మైనంలా ఉందా, కాగితంలా ఉందా, మట్టితో కట్టిందా? అరలు బయటికి కనబడుతున్నాయా, లేక చుట్టూ తొడుగు కప్పి ఒకే ఒక్క రంధ్రం ఉందా? ఎగిరేటప్పుడు కాళ్లు ఎలా ఉన్నాయి? ఇవి చెబితే ఫొటో లేకపోయినా పర్వాలేదు.

బాల్కనీ తోట

అరగంట అద్దం దగ్గరే కూర్చుని చూశానండీ. బూడిద రంగు. నా అరచేతిలో సగం ఉంటుంది. సన్నటి నల్లటి కాడ ఒకటి పైపుకి అంటుకుని ఉంది, దానికి గూడు గొడుగులా వేలాడుతోంది. అరలన్నీ కిందివైపు తెరుచుకుని ఉన్నాయి, నాలుగైదింటికి మాత్రం తెల్లటి మూతలున్నాయి. పురుగులు ఏడో ఎనిమిదో. నడుము దారంలా ఉంది. ఎగిరేటప్పుడు వెనక కాళ్లు పొడుగ్గా కిందికి వేలాడుతున్నాయి.

తేనెపెట్టె

బాగా చూశారు. కందిరీగలే, కాగితం గూడు కట్టే రకం. కాడకి వేలాడే తెరిచిన గూడు, వేలాడే కాళ్లు, ఈ రెండూ చెప్పాక ఇంక అనుమానం లేదు. తేనెటీగ నడుము అంత సన్నగా ఉండదు, ఒళ్లు నూగుగా ఉంటుంది.

తేనెటీగ కట్టే మైనం దాని ఒంట్లోంచే వస్తుంది. కందిరీగ అలా కాదు. పాత చెక్క మీద వాలి, నోటితో పీచు గీరి, ఉమ్మి కలిపి నమిలి, ఆ ముద్దని పలచగా పరుస్తుంది. ఆరితే అచ్చంగా కాగితమే. చెక్కతో కూడా కాగితం చేయొచ్చని 1719లో ఫ్రాన్స్‌లో రేమ్యూర్ అనే శాస్త్రవేత్త చెప్పింది ఈ గూళ్లను చూసే. అప్పటిదాకా అక్కడ చింకి గుడ్డలతో కాగితం చేసేవాళ్లు.

మీరు చూసిన తెల్ల మూతల వెనక పిల్లలు ప్యూపా దశలో, అంటే రెక్కల పురుగుగా మారే దశలో ఉన్నాయి. అవి మూత కొరుక్కుని బయటికొస్తే మీ ఎనిమిది పన్నెండవుతాయి. అందుకని నెలలు ఆగకూడదు. అలాగని ఈ రాత్రికే తేల్చాలన్న తొందరా లేదు.

పువ్వుల మీద తిరిగే కందిరీగ మనిషి జోలికి రాదు. గూడు కదిలితేనే వస్తుంది. మీ దగ్గర చిక్కంతా ఏసీతోనే. ఆన్ చేయగానే పైపు అదురుతుంది, ఆ అదురు వాటికి గూటి మీద దాడిలా అనిపిస్తుంది. అందుకే ప్రస్తుతానికి ఆ ఏసీ ఆపేయండి. సర్వీస్‌కి వచ్చే మనిషి ఉంటే ముందే చెప్పండి. యూనిట్ వెనక చెయ్యి పెట్టాక తెలిస్తే ఆయన గతేం కావాలి?

నీలిగోడ

ఇంత ఆలోచన ఎందుకండీ. కర్రకి గుడ్డ చుట్టి, కిరసనాయిలు పోసి అంటించి కింద పెడితే నిమిషంలో మాడిపోతాయి. మా ఇంట్లో ఎప్పుడూ ఇదే పద్ధతి.

మేస్త్రీ చెయ్యి

నీలిగోడ అన్నా, దయచేసి ఆ మాట వెనక్కి తీసుకో. నేను ఇళ్ల పని చేసేవాణ్ని. సరిగ్గా ఇదే పద్ధతిలో మా తమ్ముడు సన్‌షేడ్ కింద తుట్టె కాల్చబోయాడు. స్టూల్ మీద ఎక్కి మంట పైకెత్తాడు. తుట్టె అంటుకుంది గానీ, బయటివైపున్న పురుగులు మంటలోంచే ఎగిరి మొహం మీదికి వచ్చాయి. చేతులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మండుతున్న కర్ర కింద ప్లాస్టిక్ డ్రెయిన్ పైపు మీద పడింది, వాడు వెల్లకిలా నేల మీద పడ్డాడు. మణికట్టు విరిగింది. కుట్టినవి ఆరు. ఆ ఆరు రెండ్రోజుల్లో తగ్గిపోయాయి, చెయ్యి మాత్రం రెండు నెలలు కట్టులోనే ఉంది.

ఈ పనిలో నేను చూసిన దెబ్బలన్నీ కుట్టినందుకు తగిలినవి కావు, నిచ్చెన మీంచి పడినందుకు తగిలినవి. నేల మీద రెండు కాళ్లూ ఆనించి అందని గూటి జోలికి ఇంట్లోవాళ్లు వెళ్లకూడదు. ఇంతకంటే గట్టిగా నేను చెప్పలేను.

నీలిగోడ

నిజమే తమ్ముడూ, ఏసీ పక్కనన్న సంగతి గమనించలేదు. పైపుల్లో గ్యాస్, పక్కన వైర్లు, అక్కడ మంట ఊహించుకుంటేనే భయమేస్తోంది. వెనక్కి తీసుకుంటున్నా.

తేనెపెట్టె

పొగ గురించి అత్తయ్యగారు అన్నదాంట్లో కొంత నిజం ఉంది, అది తేనెటీగల విషయంలో. ఒక తేనెటీగ కుట్టగానే మిగతావాటిని పిలిచే వాసన ఒకటి వదులుతుంది. మన ముక్కుకి అది అరటిపండు వాసనలా తగులుతుంది. పట్టు దగ్గర ఆ వాసన వచ్చిందంటే నేను అక్కడ ఒక్క క్షణం ఉండను. పొగ ఆ పిలుపుని కమ్మేస్తుంది. పైగా పొగ చూసి ఇల్లు వదలాల్సొస్తుందేమోనని అవి కడుపునిండా తేనె తాగుతాయి, దాంతో దూకుడు తగ్గుతుంది. కందిరీగల దగ్గర తాగడానికి తేనె నిల్వ లేదు. పొగ పెడితే చెదిరి, రెచ్చిపోయి, మళ్లీ అక్కడికే వస్తాయి.

రాత్రి డ్యూటీ

నేను అత్యవసర విభాగంలో నర్సుని. బాల్కనీ తోట గారూ, గూటి సంగతి కంటే ముందు ఒక్క మాట: మీ ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు గానీ, ఆయాసం గానీ వచ్చాయా? వచ్చి ఉంటే వాళ్లు ఆ బాల్కనీ వైపు వెళ్లనే కూడదు. డాక్టర్‌ని కలిసి, తీవ్రమైన అలర్జీకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ దగ్గర ఉంచుకోవాలా అని అడగాలి.

మామూలుగా కుట్టిన చోట మంట, ఎర్రదనం, వాపు ఉంటాయి. రెండో రోజు వాపు ఇంకా పెరిగి చెయ్యంతా ఉబ్బినా భయపడక్కర్లేదు, అది అక్కడికే పరిమితమైతే. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టండి. చేతికి కుడితే ఉంగరాలు వెంటనే తీసేయండి, వాచాక రావు. తేనెటీగ కుడితే ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది, దాని సంచి ఇంకా విషం ఎక్కిస్తూనే ఉంటుంది. గోటితో గీరాలా, పట్టి లాగాలా అని ఆలోచిస్తూ నిలబడొద్దు. ఎలాగైనా సరే, క్షణాల్లో తీసేయాలి. కందిరీగ ముల్లు చర్మంలో దిగబడిపోదు, అందుకే అది మళ్లీ మళ్లీ కుట్టగలదు.

కుట్టిన చోటు ఒకటైతే దద్దుర్లు ఇంకోచోట లేచాయంటే జాగ్రత్త పడాలి. పెదాలు, నాలుక వాచడం, గొంతు బొంగురుపోవడం, ఊపిరి అందకపోవడం, కళ్లు తిరగడం, వాంతులు, ఇవి నిమిషాల్లో వస్తాయి. అప్పుడు ఇంట్లో మాత్ర వేసి చూద్దామని ఆగొద్దు. మనిషిని పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టాలి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వొచ్చు, నడిపించొద్దు. ఇంజెక్షన్ ఉంటే తొడ బయటివైపు ఇచ్చి, వెంటనే అంబులెన్స్ పిలవాలి.

ఇంకోటి చాలామందికి తెలియదు. పదుల సంఖ్యలో కుడితే అలర్జీ లేనివాళ్లకీ ప్రమాదమే. విషం కండరాలని దెబ్బతీస్తుంది, ఆ ప్రభావం కిడ్నీల మీద పడుతుంది. మనిషి బాగానే ఉన్నాడని ఇంటికి తీసుకెళ్తారు, మర్నాడు మూత్రం ముదురు రంగులో వస్తుంది. పిల్లల ఒళ్లు చిన్నది కాబట్టి తక్కువ కుట్లకే ఆ స్థితి వస్తుంది. నోట్లోగానీ గొంతులోగానీ కుడితే ఒక్కటైనా ఆసుపత్రికి రావాల్సిందే.

బాల్కనీ తోట

మా ఇంట్లో ఎవరికీ అలా రాలేదండీ. పాపని మాత్రం ఇంతవరకు ఏదీ కుట్టలేదు కాబట్టి తెలియదు. మా ఆయనకి మీ పోస్టు చదివి వినిపించాను. చీపురు మాట ఇంక ఎత్తలేదు.

పాత ఇల్లు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ ఇలాంటి బాధే. మా ఇంట్లో వెంటిలేటర్ పక్కన గోడ పగులులోంచి తేనెటీగలు లోపలికీ బయటికీ తిరిగేవి. ఒకాయన్ని పిలిస్తే మందు కొట్టి, పగులు సిమెంట్‌తో మూసేసి వెళ్లాడు. పీడ వదిలిందనుకున్నాం. నెల తిరక్కుండా లోపలివైపు గోడ మీద తడి మరక వచ్చింది. వేలు పెడితే జిగట. ఇప్పుడు చీమల బారులు, చచ్చిన పురుగుల వాసన. గోడ పగలగొట్టమంటారా?

తేనెపెట్టె

పగలగొట్టాల్సిందే, ఇంకో దారి లేదు. ఈగలు బతికున్నంతకాలం రెక్కలు విసిరి పట్టుని చల్లగా ఉంచుతాయి, పిల్లలున్న చోట వేడి 35 డిగ్రీల దగ్గర నిలబెడతాయి. వాటిని చంపేస్తే ఆ పని చేసేవాళ్లుండరు. ఎండకి గోడ కాగుతుంది, మైనం మెత్తబడుతుంది, తేనె కారుతుంది. మీరు చూసిన మరక అదే. ఆ ప్లాస్టర్ తీయించి పట్టు మొత్తం, చచ్చిన పురుగులతో సహా బయటికి లాగించండి. ఆ తేనె ఎవరూ ముట్టుకోవద్దు, అందులో మందు ఉంది. లోపల కడిగి, ఆరనిచ్చి, అప్పుడు మూయండి. వాసన మిగిలితే వచ్చే కాలంలో ఇంకో గుంపు వెతుక్కుంటూ అక్కడికే వస్తుంది.

గోడలో ఉన్నవాటిని ప్రాణాలతో తీసే పెంపకందార్లు ఉంటారు. రాణిని పట్టి పెట్టెలో పెడితే మిగతావి వెంట వస్తాయి. మందు కొట్టకముందు పిలవాల్సింది. మీ తప్పు కాదు, చెప్పేవాళ్లు లేకపోయారు.

ఇది చదివేవాళ్ల కోసం ఇంకో ముక్క. కొమ్మకో గేటుకో ఉన్నట్టుండి తేనెటీగల ముద్ద వేలాడితే, దాంట్లో పట్టు కనబడకపోతే, అది గూడు కాదు. పాత ఇంటి నుంచి విడిపోయి కొత్త ఇల్లు వెతుక్కుంటున్న గుంపు. కాపాడుకోవడానికి పిల్లలూ నిల్వలూ లేవు కాబట్టి అప్పుడు అవి చాలా సౌమ్యంగా ఉంటాయి. కొన్ని గంటల్లోనో, ఒకటి రెండ్రోజుల్లోనో వాటంతటవే వెళ్లిపోతాయి. పిల్లల్నీ కుక్కల్నీ దూరంగా ఉంచితే చాలు.

మేడమెట్లు

మరి మా బిల్డింగ్ నీళ్ల ట్యాంక్ కింద ఉన్నదో? నల్లటి పరదా వేలాడదీసినట్టుంది. పక్షి పక్కగా వెళ్తే దాని మీద అలలాగా ఏదో పరుగెడుతుంది.

తేనెపెట్టె

అది పెద్ద తేనెటీగల పట్టు. ఆసియా ఉష్ణప్రాంతాల్లో ఉండే రకం, ఎత్తైన చోట్ల ఒకే ఒక్క పెద్ద పట్టు పెడుతుంది. మీరు చూసిన అల, వేలకొద్దీ ఈగలు వరసగా పొట్టలు పైకెత్తడం వల్ల వస్తుంది. దగ్గరికొచ్చిన శత్రువుని బెదరగొట్టడానికి అలా చేస్తాయి. దీని జోలికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు. తేనెతుట్టెని కదిపినట్టు అన్న మాట పుట్టింది వీటి వల్లేనని నా నమ్మకం. రాళ్లు వేయకుండా పిల్లలకి చెప్పండి, మేడ తలుపుకి తాళం వేయండి. కాలం మారగానే పట్టు ఖాళీ చేసి వలస వెళ్తాయి. జనం తిరిగే దారికి మరీ దగ్గరైతే నిపుణుల్ని పిలవండి.

ఎప్పుడైనా గుంపు మీద పడితే మొహం కప్పుకుని తిన్నగా పరుగెత్తి, తలుపులున్న చోటికి దూరాలి, అది కారైనా సరే. ఒకటి రెండు మీతోపాటు లోపలికి వచ్చినా ఫర్వాలేదు. నీళ్లలో దూకితే పైకి లేచేదాకా అక్కడే తిరుగుతాయి.

గడ్డి మిషన్

నేల గూళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. పెరట్లో గడ్డి కోస్తుంటే ఎలక బొరియ లాంటి రంధ్రం మీదుగా మిషన్ పోయింది. లోపలినుంచి పసుపు చారల కందిరీగలు ధారలా లేచాయి. పద్నాలుగు కుట్టాయి. అప్పటినుంచి కోసేముందు ఐదు నిమిషాలు నిలబడి చూస్తాను. నేలలో ఒకే చోటికి పురుగులు వరసగా దిగుతూ, లేస్తూ ఉంటే ఆ చోట ఆ రోజుకి గడ్డి కొయ్యను.

మేస్త్రీ చెయ్యి

నేల గూడైనా, గోడ గూడైనా, పురుగులు బతికుండగా రంధ్రం మూయొద్దు. వాటికి నోరే సుత్తి, ఉలి. బయట దారి మూస్తే మెత్తటి ప్లాస్టరు కొరుక్కుని గదిలోకి వస్తాయి. నేనొకసారి పడగ్గదిలో చూశాను.

చుట్టూ కాగితం తొడుగు కప్పి, కుండలా గుండ్రంగా, ఒకే రంధ్రంతో ఉన్న గూడైతే అది హార్నెట్ అనే పెద్ద కందిరీగలది. బయట నాలుగు కనబడితే లోపల వందలుండొచ్చు. దాన్ని ఇంట్లోవాళ్లు ముట్టుకోకూడదు.

వేప నీడ

మా కిటికీ మూలన ఏళ్లుగా మట్టి గూళ్లు ఉన్నాయి, వేళ్లు పక్కపక్కన అతికించినట్టు గొట్టాలు. ఎప్పుడూ ఎవరినీ కుట్టలేదు. వాటినీ తీసేయాలా?

తేనెపెట్టె

వద్దండీ. అది ఒంటరి కందిరీగ. కాపలా కాసే సైన్యం లేదు, గూడు ముట్టుకున్నా చాలాసార్లు ఎగిరిపోతుంది తప్ప కుట్టదు. భ్రమరకీటక న్యాయం అంటారు చూడండి, పురుగుని మట్టిగూట్లో పెట్టి చుట్టూ ఝుంకారం చేస్తే అది కూడా భ్రమరం అవుతుందని, ఆ పోలిక వెనక ఉన్నది ఈ జాతే. నిజానికి జరిగేది వేరు. సాలీడునో గొంగళిపురుగునో కుట్టి, చంపకుండా కదల్లేకుండా చేసి లోపల పెట్టి, పక్కన గుడ్డు పెట్టి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దాన్ని తిని పెరుగుతుంది. మనం చూసేది లోపలికి పోయిన పురుగు, బయటికొచ్చిన కందిరీగ. పెద్దలు చూసింది నిజమే, మధ్యలో జరిగేది గోడ వెనక ఉండిపోయింది.

గొట్టానికి గుండ్రటి రంధ్రం పడి ఉంటే పిల్ల వెళ్లిపోయినట్టు. అప్పుడు కావాలంటే గీరేయొచ్చు. ఏదైనా పైపులోనో, మెషిన్ గొట్టంలోనో కడితే మాత్రం వెంటనే తీయాలి. 1996లో డొమినికన్ రిపబ్లిక్ దగ్గర సముద్రంలో విమానం కూలి 189 మంది పోయారు. వేగం కొలిచే గొట్టం మూసుకుపోవడమే మూలం, అందులో ఇలాంటి మట్టి గూడు ఉండి ఉంటుందని దర్యాప్తు చేసినవాళ్లు భావించారు.

వేప నీడ

అయితే ఉండనిస్తాను. నాదో మనవి. కందిరీగలు కూడా తోటలో గొంగళిపురుగుల్ని పట్టుకెళ్లి పిల్లలకి పెడతాయి. చెట్టు మీదో, ప్రహరీ చివరో ఉన్న గూటిని వదిలేస్తే మనకే మేలు. కనబడిన ప్రతి గూడూ తీయక్కర్లేదు కదా.

తేనెపెట్టె

ముమ్మాటికీ. తలుపు, దారి, పిల్లలు ఆడేచోటు, అదిరే యంత్రం, వీటి పక్కన ఉంటేనే తీయాలి. బాల్కనీ తోట గారిది ఈ నాలుగూ కలిసిన చోటు. అందుకే వారికి తీయమంటున్నాను.

మేస్త్రీ చెయ్యి

అక్కా, సందు ఇరుకు కాబట్టి అనుభవం ఉన్న మనిషిని పిలవండి. వచ్చేవాళ్లని రెండు అడగండి: ఏ పురుగో చూశాకే మందు చెబుతారా, గూడు కూడా తీసి తీసుకెళ్తారా అని. చీకటి పడ్డాక చేస్తే అన్నీ గూటికి చేరి ఉంటాయి. టార్చ్ చేత్తో పట్టుకోకూడదు, లేచిన పురుగు వెలుగు మీదికే వస్తుంది. ఎర్ర కాగితం చుట్టి పక్కన పెట్టాలి, ఎరుపు వాటికి దాదాపు కనబడదు. ఏసీ మెయిన్ స్విచ్ ఆపాలి. చేపల తొట్టి, పిల్లి ఉంటే ముందే చెప్పండి, ఈ స్ప్రేల్లో వాడే కొన్ని మందులు వాటికి విషం.

బాల్కనీ తోట

చెప్పినట్టే చేశామండీ. నిన్న రాత్రి ఎనిమిదింటికి ఒకాయన వచ్చారు. ముందు అద్దంలోంచి ఐదు నిమిషాలు ఊరికే చూశారు, అప్పుడే నాకు ధైర్యం వచ్చింది. స్విచ్ ఆపించి, ఎర్ర లైటు స్టూల్ మీద పెట్టి, పక్కనుంచి ఒక్కసారి స్ప్రే కొట్టి తలుపు వేసేశారు. అద్దానికి రెండు కొట్టుకున్నాయి, అంతే. పొద్దున మళ్లీ వచ్చి గూటిని కాడతో సహా గీరి కవర్లో వేశారు. తీసుకెళ్లేముందు కవర్ నా చేతికిచ్చి చూడమన్నారు. ఎండుటాకంత బరువు కూడా లేదు. మూతల మీద వేలితో నొక్కితే గట్టి బట్టలా ఉంది.

ఇప్పుడు పదకొండయింది. మూడు కందిరీగలు ఆ పైపు దగ్గరే తిరుగుతున్నాయి. కాడ ఉన్న చోటే వాలుతున్నాయి, లేస్తున్నాయి. మందు పని చెయ్యలేదంటారా?

తేనెపెట్టె

పని చేసింది. రాత్రి బయటే ఉండిపోయినవి అవి. ఇల్లు ఎక్కడుండేదో గుర్తుంది, ఇల్లు లేదు. ఒకటి రెండ్రోజులు వెతికి వెళ్లిపోతాయి. కొట్టకండి, అప్పటిదాకా తలుపు వేసే ఉంచండి. తర్వాత స్విచ్ ఆపే ఉంచి, ఆ చోటు సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో తుడవండి, మందు అంటిన నేల కూడా. ఇక నుంచి వారానికోసారి ఆ సందు, కిటికీ పైభాగం చూడండి. మొదట్లో గూడు రూపాయి బిళ్లంత ఉంటుంది, ఒకటో రెండో మాత్రమే ఉంటాయి. అప్పుడు అది బయటికెళ్లిన సమయం చూసి పొడుగు కర్రతో రాల్చేస్తే సరిపోతుంది.

బాల్కనీ తోట

మూడో రోజు. ఉదయం నుంచి గంటకోసారి చూశాను, ఒక్కటీ రాలేదు. తుడిచాం, ఏసీ వేశాం. పాప మొక్కలకి నీళ్లు పోస్తోంది. కిటికీ పైన మట్టి గొట్టం ఒకటి కొత్తగా కనబడింది, ఇంకా తడిగా ఉంది. దాన్ని ఉంచుతున్నాం. రంధ్రం పడేదాకా రోజూ చూస్తానని పాప స్టూల్ తెచ్చుకుంది.